పట్టుదల - ఎవరి ఖర్చు మీద?

కిందటేడాది ఒక మహిళా డిగ్రీ కళాశాల వాళ్ళు క్రీడా దినోత్సవానికి నన్ను పిలిచారు. నేను క్రీడాకారిణిని కాను. ఆడవాళ్ళ ఆత్మకథల మీద పరిశోధన చేసినదాన్ని. "మీరు పల్లెటూరి నుంచి వచ్చి పీహెచ్‌డీ దాకా చదివారు కదా మేడమ్, పట్టుదల గురించి ఒక అరగంట మాట్లాడండి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. కరణం మల్లీశ్వరి, మేరీ కోమ్, దీప్తి జీవాంజి, మధ్య మధ్య కాస్త నా గొడవ. అరగంట ఇట్టే గడిచిపోయింది. చప్పట్లు కూడా గట్టిగానే కొట్టారు. చివర్లో వాలీబాల్ జట్టు అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, పట్టుదల నాకుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు లేదు. దానికేం చెయ్యాలి?" అని అడిగింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఏదో సర్దిచెప్పి వేదిక దిగిపోయాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ ప్రశ్న ఎంత సూటిగా ఉందో అర్థం కాలేదు. ఆ అమ్మాయి స్ఫూర్తి అడగలేదు. రోజులో రెండు గంటలు అడిగింది. ఆ రెండు గంటల్లో ఇంట్లో నీళ్ళు పట్టాలి, తమ్ముణ్ణి ట్యూషన్‌కి దింపాలి, కూర తరగాలి. నేను పదేళ్ళుగా చదువుతున్న పుస్తకాలన్నింటిలో ఈ రెండు గంటల లెక్క ఉంది. చదివినప్పుడు నేనే దాన్ని దాటుకుంటూ పోయాను. అందుకని ఆ పుస్తకాలలో కొన్నింటిని, రెండు మూడు సినిమాలను ఆ అమ్మాయి ప్రశ్నతో మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ చదువు గురించే.

ముందు నా సంగతి చెప్పాలి. 2000 సెప్టెంబరులో సిడ్నీలో మల్లీశ్వరికి కాంస్యం వచ్చినప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట మాకేమీ దూరదేశం కాదు. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మా జిల్లా ఆడపిల్ల. మర్నాడు ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు గారు "పట్టుదల ఉంటే ఆడపిల్ల కూడా సాధించలేనిది లేదు" అని ప్రసంగించారు. ఆ 'కూడా' అప్పుడు నాకు వినపడలేదు. నేను ఖో-ఖో జట్టులో ఉన్నాను. ఆ సాయంత్రం మేమందరం రెట్టింపు హుషారుగా పరిగెత్తాం.

రెండేళ్ళు తిరక్కుండానే నా ఆట అయిపోయింది. ఎనిమిదో తరగతి నుంచి ఆడపిల్లలకి లంగా ఓణీ యూనిఫాం. ఓణీ నడుముకి బిగించి, లంగా ఎగదోపి పోల్ చుట్టూ తిరగడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. నేను పెద్దమనిషినయ్యాక అమ్మ "ఏటే, ఇంకా ఆ గెంతులేనా?" అంది, ఒక్కసారే అంది. తొమ్మిదిలో జోనల్ పోటీలకి నన్ను పంపలేదు. అప్పుడు డ్రిల్ మాస్టారు అన్నమాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది: "నీకు కాళ్ళున్నాయి గానీ పట్టుదల లేదు." నేను చాలా ఏళ్ళు ఆ మాట నమ్మాను. అదే మనిషిని, ఇరవై ఏళ్ళ తర్వాత ఊళ్ళో అందరూ "అబ్బ, ఎంత పట్టుదల గల పిల్ల! డాక్టరేటు దాకా వదిలిపెట్టలేదు" అంటున్నారు. ఖో-ఖో వదిలేసిన పిల్ల, పీహెచ్‌డీ వదలని మనిషి ఒకరే. మధ్యలో నా స్వభావమేమీ మారలేదు. మారిందేమిటో కాస్త తర్వాత చెప్తాను.

పట్టుదల అనే మాట మన భాషలో తిరిగే తీరు కూడా చూడండి. మగపిల్లాడు అన్నం మానేసి క్రికెట్ ఆడితే పట్టుదల. ఆడపిల్ల అదే పని చేస్తే మొండితనం, పెంకితనం, 'చెప్పినమాట వినని రకం'. పతకం మెళ్ళో పడిన రోజున ఆ మొండితనం పట్టుదలగా మారిపోతుంది. అంటే ఆడపిల్ల విషయంలో ఇది గెలిచాక ఇచ్చే బిరుదు. ముందుగా ఎవరూ అప్పు కూడా ఇవ్వరు. వరంగల్ దగ్గర కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు మన పత్రికలన్నీ ఆమె పట్టుదలను వేనోళ్ళ పొగిడాయి. చిన్నప్పుడు ఆ పిల్ల మొహం చూసి, మాట చూసి ఊరివాళ్ళు ఎన్నేసి మాటలన్నారో కూడా ఆ కథనాల్లోనే ఉంది. ఎవరన్నారో, ఎందుకు అనగలిగారో మాత్రం ఎవరూ తరచి అడగలేదు. అవమానం ఆ కథకి ముడిసరుకు. ఎంత ఎక్కువ ఉంటే కథ అంత బాగా పండుతుంది.

సినిమాల దగ్గరికి వస్తే, 2016లో వచ్చిన 'దంగల్' నాకు ఈ విషయంలో ఒక పాఠ్యపుస్తకం లాంటిది. థియేటర్‌లో నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. గీత, బబిత అనే ఇద్దరు హర్యానా ఆడపిల్లలను తండ్రి మహావీర్ సింగ్ ఫోగట్ కుస్తీలోకి దింపిన కథ. ఆ కథలో పట్టుదల ఎవరిది? తండ్రిది. పిల్లల జుట్టు ఆయన కత్తిరిస్తాడు, తిండి ఆయన మారుస్తాడు, తెల్లవారుజామున ఆయన లేపుతాడు. పిల్లలు ఎదురు తిరిగితే, బాల్యవివాహం అవుతున్న స్నేహితురాలి చేత "మీ నాన్న కనీసం మీ గురించి ఆలోచిస్తున్నాడు" అనే అర్థంలో చెప్పించి సర్దుబాటు చేశారు. పద్నాలుగేళ్ళ పెళ్ళికూతురి కన్నీళ్ళు తండ్రి నిరంకుశత్వానికి యోగ్యతాపత్రం అయ్యాయి. నిజజీవితంలో 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీత ఫైనల్‌ను తేలిగ్గా గెలిచింది. సినిమాకి అది చాలలేదు. తండ్రిని ఒక గదిలో బంధించి, ఆఖరి క్షణాల్లో ఆయన చిన్నప్పుడు చెప్పిన మాట ఆమెకి గుర్తొచ్చేలా చేసి గెలిపించారు. రింగులో ఉన్నది ఆమే అయినా గెలుపు మాత్రం గదిలో ఉన్న తండ్రి ఖాతాలోకి వెళ్ళింది.

మరి నాలుగు నుంచి ఆరు? ఆ పిల్లలకి ఇంటిపని నుంచి విడుదల దొరికింది. మంచిదే. ఆ పని ఎటు పోయింది? తల్లి దయా కౌర్ దగ్గరికి. ఆమె తన వంటింట్లో కోడిమాంసం వండనివ్వనని పట్టుబట్టే సన్నివేశం ఒకటుంది, దాన్ని నవ్వులాటగా తీశారు. తనకంటూ మిగిలిన ఒకే ఒక్క చోటులో ఆమె చూపించిన ఆ పట్టుదలకి సినిమాలో గౌరవం లేదు. మిగతా సినిమా అంతా ఆమె గుమ్మం దగ్గర నిలబడే ఉంటుంది.

ఇంకో మాట. 'దంగల్'లో జుట్టు కత్తిరించడం కథ మొదట్లో వస్తుంది. 2024 ఆగస్టులో పారిస్‌లో, అదే ఫోగట్ ఇంటి ఆడపిల్ల, మహావీర్ తమ్ముడి కూతురు వినేశ్, 50 కిలోల విభాగం ఫైనల్‌కి ముందు రాత్రంతా బరువు తగ్గించుకోవడానికి చేసిన ప్రయత్నాల్లో భాగంగా జుట్టు కూడా కత్తిరించారు. అయినా 100 గ్రాములు ఎక్కువ తూగింది. అనర్హురాలన్నారు. ఆ రాత్రి ఆమెలో లేనిది పట్టుదలే అని ఎవరైనా అనగలరా?

మేరీ కోమ్ విషయంలో మనకి సినిమా, ఆత్మకథ రెండూ ఉన్నాయి. అందుకే పోల్చి చూడటానికి బాగుంటుంది. ఆత్మకథ 'అన్‌బ్రేకబుల్' 2013లో, సినిమా 2014లో వచ్చాయి. సినిమాలో మణిపురి ఆడపిల్లగా ప్రియాంకా చోప్రాను పెట్టడం మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది. హిందీ సినిమాల మీద 2000 నుంచి ఉన్న నిషేధం వల్ల విడుదలైనప్పుడు మణిపుర్ థియేటర్లలో అది ఆడనే లేదు. ఆమె కథను ఆమె ముఖం లేకుండా, ఆమె ఊరివాళ్ళు లేకుండా మనం చూశాం. అయితే నా అభ్యంతరం ఇంకా లోపల ఉంది. ఆమె కవల పిల్లల్లో ఒకడికి గుండె ఆపరేషన్ జరిగింది 2011లో, ఆమె చైనాలో ఆసియా కప్ పోటీల్లో ఉన్నప్పుడు. సినిమా దాన్ని 2008 ప్రపంచ పోటీల ఫైనల్ దగ్గరికి జరిపింది. ఒకపక్క బిడ్డ ఆపరేషన్ బల్ల మీద, ఒకపక్క తల్లి రింగులో. ఎందుకిలా జరిపారు? తల్లి అయిన ఆడది ఆటకి వెళ్తే ఆ తప్పుకి ప్రేక్షకుల ముందు విచారణ జరగాలి కాబట్టి. ఆమె పడిపోవాలి, బిడ్డ గుండెతో పాటు లేవాలి. అప్పుడుగానీ ఆమెని క్షమించలేం. 2008లో జరిగింది మటుకు ఇంత నాటకీయంగా లేదు. 2007లో కవలలు పుట్టారు, మరుసటి ఏడు తిరిగివచ్చి నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచింది. ఈ రెండు వాక్యాల మధ్య పాలు తాగే పసివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళని రాత్రిళ్ళు ఎవరు ఎత్తుకున్నారన్నదే అసలు కథ.

పుస్తకంలో ఆ కథ ఉంది. అందుకే నాకు సినిమా కన్నా ఆ పుస్తకం ఎక్కువ నమ్మకంగా అనిపించింది. చురాచాంద్‌పుర్ జిల్లా కాంగథేయి అనే పల్లె, పోడు సేద్యం చేసే తల్లిదండ్రులు, ఇంటికి పెద్దపిల్ల. పెద్దపిల్ల అంటే మనకి వేరే చెప్పాలా? చిన్నవాళ్ళని ఎత్తుకోవాలి, కట్టెలు తేవాలి, పొలంలో దిగాలి. మొదట పరుగులు, విసుర్లు లాంటి అథ్లెటిక్స్. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డింకో సింగ్ స్వర్ణం తెచ్చాక మణిపుర్ పిల్లలందరికీ బాక్సింగ్ మీద మోజు పుట్టింది, ఈమెకీ పుట్టింది. తండ్రికి చెప్పలేదు. 2000లో రాష్ట్ర పోటీ గెలిచి పత్రికలో ఫోటో వచ్చేదాకా ఆయనకి తెలియదు. మొహం పాడైతే పెళ్ళెలా అవుతుందని ఆయన దిగులు. పదో తరగతి పరీక్ష పోయింది. మళ్ళీ ఆ బడికి పోలేదు, ఓపెన్ స్కూల్లో కట్టి, తర్వాత డిగ్రీ పూర్తి చేసింది. చదువులో ఈ వంకర దారిని 'స్ఫూర్తి' పాఠాల్లో ఎవరూ చెప్పరు. పాఠాల్లో చదువు, ఆట రెండూ జోడెడ్ల లాగా కలిసి నడుస్తాయి. బతుకులో ఒకటి నడవాలంటే ఇంకొకటి కొన్నాళ్ళు కూర్చోవాలి.

పిల్లలు పుట్టాక వాళ్ళని చూసుకున్నది అప్పటి భర్త ఓన్లర్. ఆ దాంపత్యం ముగిసిందని 2025లో ఆమే ప్రకటించింది. అంతమాత్రాన ఆ ఏళ్ళలో ఆయన పిల్లల దగ్గర గడిపిన గంటలు లెక్కలోంచి పోవు. ఒక మగవాడు అలా చేస్తే దేశమంతా ఆశ్చర్యపోయి మెచ్చుకోవడం ఒక్కటే నాకు నవ్వు తెప్పిస్తుంది. సచిన్ తెందుల్కర్ సెంచరీల వెనక పిల్లల్ని ఎవరు చూశారని ఎవరైనా అడిగామా?

ఇక్కడ విమర్శకురాలిగా ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఈ క్రీడాకారిణుల పుస్తకాలు చాలావరకు జంట రచనలు. 'అన్‌బ్రేకబుల్' దీనా సెర్తోతో కలిసి రాసింది. పి.టి. ఉష 1987 నాటి 'గోల్డెన్ గర్ల్' లోకేశ్ శర్మతో, సాక్షి మలిక్ 'విట్నెస్' జొనాథన్ సెల్వరాజ్‌తో. కాబట్టి ఏ వాక్యం ఎవరిదో మనం గట్టిగా చెప్పలేం. వాక్యం మీద వాదించలేకపోయినా, ఏ విషయం పుస్తకంలోకి వచ్చింది, ఏది రాలేదు అన్నదాని మీద వాదించొచ్చు. పాత్రికేయుడెవరూ తనంతట తానుగా 'చిన్నపిల్లల్ని ఎత్తుకుని' అన్న వివరం వెతకడు. అది చెప్పినవాళ్ళ నోటినుంచే రావాలి.

చదువు-ఆట రెండూ ఒకేచోట ఢీకొన్న సన్నివేశం నేను చదివినవాటిలో బామ 'కరుక్కు'లో ఉంది. 1992లో తమిళంలో వచ్చిన ఈ పుస్తకాన్ని నేను లక్ష్మీ హోమ్‌స్ట్రోమ్ ఇంగ్లీషులో చదివాను. ఆటల పుస్తకం కాదది. దళిత క్రైస్తవ స్త్రీ ఆత్మకథ. ఏడో తరగతిలో ఉండగా బడి అయ్యాక పిల్లలు కొబ్బరిచెట్టు ఎక్కి కొస ముట్టుకుని దిగే ఆట ఆడుతున్నారు. ఈమే ఎక్కింది, కొస ముట్టుకుంది, ఒక లేతకాయ రాలిపడింది. మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు అందరి ముందు ఆమెని దొంగ అన్నాడు, కులం పేరు పెట్టి మరీ అన్నాడు. బయటికి పొమ్మన్నాడు. చర్చి ఫాదర్ దగ్గరికి పరిగెత్తితే ఆయనా ముందు ఆమెనే అనుమానించాడు. చివరికి ఒక చీటీ ఇచ్చాడు, దాంతో మళ్ళీ క్లాసులోకి రానిచ్చారు.

ఈ సన్నివేశం నేను పరిశోధన రోజుల్లో కనీసం ఆరుసార్లు చదివుంటాను. కుల అవమానం కింద సిద్ధాంత గ్రంథంలో ఒక పేరా రాశాను. ఆట అన్న సంగతే రాయలేదు. ఇప్పుడు చూస్తుంటే అందులో రెండు విషయాలున్నాయి. చెట్టు ఎక్కడంలో ఆ పిల్ల నేర్పు, ధైర్యం మిగతావాళ్ళతో సమానం. అదే నేర్పు ఇంకో కులం పిల్లదైతే చలాకీతనం, ఈమెదైతే దొంగతనం. అంటే శరీరాన్ని స్వేచ్ఛగా వాడుకునే హక్కే అందరికీ ఒకటి కాదు. రెండోది, ఆ తర్వాత బామ చదువుని గట్టిగా పట్టుకుంది. బాగా చదివితే గౌరవిస్తారని అన్న చెప్పిన మాట ఆమెకి ఊత. తరగతిలో ముందుండాలని చదివింది, ఉండింది. దీన్ని కూడా పట్టుదల అనే అంటాం. కానీ ఆ పట్టుదలకి అడుగున ఉన్నది ఆశయం కాదు, భయం. తప్పు చేయకపోయినా దొంగ అనిపించుకున్న పిల్ల, ఇంక ఒక్క మార్కు తగ్గినా ఊరుకోరని తెలిసిన పిల్ల చదివే చదువది. ఇతరులకి పాసైతే చాలు, ఈమె మొదటి స్థానంలో రావాలి. పట్టుదలను పొగిడేటప్పుడు ఈ తేడాను చూడకపోతే మనం ఆ హెడ్మాస్టరు పక్కనే నిలబడ్డట్టు. ఆ ఇంట్లో అమ్మమ్మ నాయకర్ల ఇళ్ళలో చాకిరీ చేసి తెచ్చిన అన్నంతోనే ఆ చదువు సాగిందన్నది కూడా పుస్తకంలో ఉంది. బామ దాన్ని దాచలేదు, అలంకరించలేదు.

తెలుగులో ఇదే నిజాయితీ నాకు కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'లో కనిపించింది. ముప్పై అయిదేళ్ళ వయసులో, పార్టీ, భర్త అన్నీ చెదిరిపోయాక, హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివిన మనిషి ఆవిడ. మన సభల్లో దాన్ని ఎప్పుడూ ఆవిడ పట్టుదలకి ఉదాహరణగానే చెప్పుకున్నాం. అప్పుడు ఆవిడ పిల్లలిద్దరూ ఎక్కడున్నారు? అమ్మమ్మ దగ్గర. కూతురు మెట్రిక్ చదవడానికి తల్లి ముసలితనంలో మళ్ళీ పిల్లల్ని పెంచింది. ఆ పుస్తకంలో ఆ తల్లి అడుగడుగునా ఉంది. మన ఉపన్యాసాల్లో లేదు.

ఇప్పటిదాకా చెప్పినదాన్నిబట్టి, వెనక ఉన్న ఆడవాళ్ళందరికీ దండం పెట్టి 'త్యాగమూర్తులు' అంటే సరిపోతుందని నేననడం లేదు. ఆ మాటంటే నాకు భయం. త్యాగం అన్నాక ఇక లెక్క అడగడానికి వీల్లేదు. మల్లీశ్వరి తల్లి శ్యామల కూతుళ్ళని బరువులెత్తడానికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళు నలుగురు బరువులెత్తారు. ఆవిడ చేసినది శ్రమ, నిర్ణయం, ఊరి మాటలకి ఎదురు నిలబడటం. త్యాగం అని ఒక్కమాటతో తేల్చేస్తే ఆవిడ బుర్ర ఏమీ వాడలేదన్నట్టు ఉంటుంది. ఇక సిడ్నీ సంగతి: ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే ఆ ఏడు. మల్లీశ్వరి 1994, 95లలో ప్రపంచ విజేత. అప్పుడామెకి ఒలింపిక్స్ తలుపే లేదు. 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 ఎత్తింది. ఆఖరి ప్రయత్నానికి 137.5 పెట్టారు, అది పడిపోయింది. పై ఇద్దరూ ఎత్తింది 242.5. కాబట్టి ఆఖరి బరువు ఎంత పెట్టాలనే లెక్కలో కూడా ఒక పతకం రంగు ఉంటుంది. మా హెడ్మాస్టరు గారి ప్రసంగంలో ఇవేవీ లేవు, పట్టుదల ఒక్కటే ఉంది.

పి.టి. ఉష గురించి కూడా మనం ఇంతే. 1984 లాస్ ఏంజెలిస్‌లో సెకనులో నూరోవంతు తేడాతో పోయిన కాంస్యం అందరికీ కంఠతా వచ్చు. ఆ పరుగు వెనక 1976లో కేరళ ప్రభుత్వం కన్నూరులో ఆడపిల్లలకి పెట్టిన క్రీడా పాఠశాల ఉందని ఎంతమందికి గుర్తుంది? అక్కడ ఆడపిల్లకి నాలుగు నుంచి ఆరు దొరికింది, పొద్దుటి ఆరు నుంచి ఎనిమిది కూడా దొరికింది. తిండి, పడక, చదువు ఒకేచోట. పయ్యోలి పిల్ల పట్టుదలకి ప్రభుత్వం రోజులో కొన్ని గంటలు కొనిచ్చింది. అదే ఉష, భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలిగా, 2023 ఏప్రిల్‌లో లైంగిక వేధింపులపై వీధికెక్కిన మహిళా రెజ్లర్లది క్రమశిక్షణ లేకపోవడం అంది. తర్వాత వారంలో వాళ్ళ శిబిరానికి వెళ్ళి మాట్లాడిందనుకోండి. కానీ మొదటి మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. నోరు మూసుకుని పరిగెత్తడాన్నే పట్టుదల అని నేర్పిన బడిలో మనమందరం చదివాం. ఆవిడా అక్కడే చదివింది.

సాక్షి మలిక్ 'విట్నెస్' 2024లో వచ్చింది. 2016 రియోలో కాంస్యం. తల్లి అంగన్‌వాడీ సూపర్‌వైజర్, తండ్రి బస్సు కండక్టర్. ఈ పుస్తకంలో పతకం కన్నా నన్ను పట్టి నిలిపినది బడి రోజుల సంగతి. ట్యూషన్ చెప్పే మనిషి వేళకాని వేళల్లో పిలిచి తాకేవాడని, అది తన తప్పేననుకుని ఇంట్లో చెప్పలేకపోయానని ఆమె రాసింది. తర్వాత, దేశం మొత్తానికి తెలిసిన కుస్తీ యోధురాలై ఉండి, జంతర్ మంతర్ దగ్గర కూర్చుంటే 2023 మే 28న పోలీసులు ఈడ్చుకెళ్ళారు. డిసెంబరు 21న విలేకరుల ముందు బల్ల మీద తన కుస్తీ బూట్లు పెట్టి, ఇక ఆడనని లేచిపోయింది. ట్యూషన్ గదిలో మాట్లాడలేకపోయిన పిల్ల ఆ బల్ల దగ్గర మాట్లాడింది. సహచరులనీ వదలకుండా విమర్శించింది. వాళ్ళలో కొందరికి నచ్చలేదు, అది వేరే చర్చ.

ఆ బూట్ల ఫోటో చూసి నాకు తెలిసిన ఒక పెద్దాయన "అయ్యో, ఆఖర్న పట్టుదల పోగొట్టుకుంది" అన్నారు. నాకు మా డ్రిల్ మాస్టారు గుర్తొచ్చారు.

ఖో-ఖోలో తరిమే పిల్ల ఒక్కతే పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది. మధ్యగీత దాటడానికి వీల్లేదు, వెనక్కి తిరగడానికి వీల్లేదు. అవతలి పక్కకి పోవాలంటే కూర్చున్న పిల్ల వీపు మీద తట్టి ఖో ఇవ్వాలి, తన చోటులో తను కూర్చోవాలి. మా జట్టులో అందరికన్నా బాగా ఖో అందుకునే పిల్ల ఒకతుండేది. చెప్పులు కూడా లేని కాళ్ళు, కూర్చున్నచోటి నుంచి బాణంలా లేచేది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసింది. జీడితోటల్లో పనికెళ్ళిందని, తర్వాత పెళ్ళయిందని విన్నాను. "ఆ గుంటకి చదువు మీద ధ్యాస లేదు" అన్నారు టీచర్లు. నేను కూడా అలాగే అనుకుని నా పదో తరగతి గైడు తెరుచుకున్నాను.

ఇక నా విషయంలో మారింది ఏమిటో చెప్పాలి. మా అప్ప నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఇంటర్ అయ్యాక ఆమెని ఆపేశారు. ఇద్దర్ని చదివించలేం, చిన్నది చురుగ్గా ఉంది అన్నారు. నేను ఖో-ఖో ఆడిన రెండేళ్ళూ మట్టి పట్టిన నా బట్టలు ఉతికింది అప్పే. "నువ్వెళ్ళు, అంట్లు నేను తోమీసుకుంటాన్లే" అనేది. ఆమెకి సంబంధం కుదిరి వెళ్ళిపోయిన ఏడే నా ఆట ఆగింది. అమ్మ అడ్డం పెట్టింది కాబట్టి ఆగిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అంట్లు తోమే మనిషి వెళ్ళిపోయింది కాబట్టి కూడా ఆగింది. తర్వాత నేను హాస్టల్లో చేరి చదివాను. హాస్టల్లో అంట్లు లేవు. నాలుగు నుంచి ఆరు నాకు తిరిగి వచ్చింది. అప్పుడు నా పట్టుదలా వచ్చింది.

నా సిద్ధాంత గ్రంథం మొదట్లో రెండు పేజీల కృతజ్ఞతలున్నాయి. పర్యవేక్షకులు, గ్రంథాలయ సిబ్బంది, స్నేహితులు, అమ్మానాన్న, టైపు చేసినతను కూడా. అప్ప పేరు లేదు. ఆ గ్రంథం ఇప్పుడు పుస్తకంగా రాబోతోంది. ఆ పేజీ తిరగరాద్దామని కూర్చుని, ముందు ఆమెకి ఫోన్ చేశాను. నీ పేరు రాస్తున్నానన్నాను.

"నా పేరా? నేనేటి చేశానని?" అంది. కాసేపాగి, "సరే, రాస్తే రాయి. ఏటని రాస్తావు?" అని అడిగింది.

నాలుగు రోజులైంది. కాగితం బల్ల మీదే ఉంది.